చల్లారనియ్యి

రాత్రి పదకొండున్నర. కాజీపేట, రైల్వే క్వార్టర్స్.
కుక్కర్ అడుగున రెండు గిన్నెల ఉప్పు,
ఉప్పు మీద స్టాండు, స్టాండు మీద పళ్లెం.
మా ఇంట్ల ఓవెన్ అంటే గంతే.
విజిల్ తీసేసిన కుక్కరు
నోరు మూసుకొని కాగుతున్నది.

పొద్దుగాల మా నైనిక క్లాసుకు
ముప్పై రెండు బిస్కెట్లు పట్కపోవాలె.
ఉత్తయి కావంట. మీద పూలుండాలె, చుక్కలుండాలె,
ఒక్కదాని మీదన్న నెమలుండాలె.
వాళ్లమ్మకు ఎంజీఎంల నైట్ డ్యూటీ.
మిగిలింది నేను,
నాలుగువేల టన్నుల బొగ్గును గుంజుకొచ్చే చేతులు,
పెండ్లి కవరు మీద పేరు గూడ
సక్కగ రాయరాని చేతులు.

మొదటి పళ్లెం దింపిన్నో లేదో ఆగలేకపోయిన.
చక్కెర పొడి, పాలు, నిమ్మచుక్క కలిపి
పొగలు పోతున్న బిస్కెట్టు మీద బొట్టు పెట్టిన.
ఒక్క రెప్పపాటు అది బొట్టే.
మల్ల జారింది. జారి జారి
పళ్లెంల మడుగు కట్టింది.

పల్చనైందని ఇంకింత చక్కెర పోసిన.
పాలపాకెట్ మూలకు గాటు పెట్టి పిసికితే రాలే.
గట్టిగ పిసికితే
పక్కకు పగిలి నా లుంగీ మీద పూసింది పువ్వు.

వంటింటి కిటికీ అవతల తాహెరా బేగం.
గార్డు భర్త డ్యూటీ దిగెదాంక ఆమెకు నిద్ర రాదు.
"ఏం కాలబెడుతున్నవ్ భయ్యా?"
వచ్చి చూసి చున్నీ నోట్లె కుక్కుకొని నవ్వింది.
పాలిథిన్ కాయితాన్ని మెహందీ కోను లెక్క చుట్టి
నా చేతిల పెట్టింది.
"వేలుతోని కాదు, అరచేతితోని ఒత్తు.
కొన తాకొద్దు. పైకెల్లి పడనియ్యి, దారం లెక్క.
అన్నిటికన్న ముందుగాల
చల్లారనియ్యి."

కూసున్న.
ప్యాసింజర్ నడిపిన నాలుగేండ్లు
ఔటర్ల బండి ఆపినప్పుడల్ల
కిటికీలకెల్లి తలలు పెట్టి నన్ను తిట్టిండ్రు జనం.
నేను గూడ లోపల్లోపల తిట్టుకున్న, ఎవర్నో.
ఎర్ర లైటు ఆపితే ఆగుడు నాకెర్కే.
గీ బిస్కెట్టుకు లైటు లేదు.
జ్వరమొచ్చిన పిల్లను చూసినట్టు
చెయ్యి తిరగేసి ముట్టి చూసుడే.
ఇంకా వెచ్చగనే ఉన్నది.
ఇంకా.

ఎరుపుకు బీట్‌రూట్ నీళ్లు, పసుపుకు పసుపే.
ఆకుపచ్చకని పాలకూర పిండిన,
కూర వాసన కొట్టింది, పారబోసిన.
ఎర్ర ఉన్నది, ఎల్లో ఉన్నది, గ్రీన్ లేదు.
ఇరవై రెండేండ్ల సర్వీసుల
గ్రీన్ లేకుంట బండి కదిలిచ్చుడు ఇదే మొదటిసారి.

గీత వణికింది. ఊపిరి బిగబట్టిన, ఇంకింత వణికింది.
ఊపిరి ఇడిసిపెట్టి గీస్తే జరంత మెత్తగ నడిచింది.
తొమ్మిదోదానికి చుక్క చుక్కలెక్కనే కూసున్నది.
పదిహేడోది బాగైందని మురిసి మోచెయ్యి ఆనిచ్చిన.
అది పోయింది.
నెమలి సంగతి అడగకుండ్రి.

పొద్దుగాల నైనిక పండ్లపొడి నోటితోనే
స్టూలెక్కి ఒక్కొక్కదాన్ని చూసింది.
నెమలి కాడ ఆగింది.
"బాపు, తేలు మస్తుగున్నది.
గిది ప్రణవ్‌గానికిస్త. రోజు గిల్లుతడు నన్ను."
నేనేం అనలే.
తోకకు ఇంకో కొండి పెట్టుమన్నది, పెట్టిన.

పగలు రెండింటికి పొత్కపల్లి ఔటర్.
ఎర్ర లైటు. వెనక యాభై ఎనిమిది ఖాళీ వ్యాగన్లు.
టిఫిన్ డబ్బల మూలకు
రాత్రి కరిగిపోయిన మొదటి బిస్కెట్టు,
జారిన చోటనే జారినట్టు గడ్డకట్టిన చక్కెర.
"గిదేంది సార్?" అన్నడు అసిస్టెంట్ ఓదెలు.
సగం ఇరిచిచ్చిన.
పండ్ల కింద పటపటమన్నది.
ఇద్దరం నమిలినం, తొందరేం లేకుంట.
ఎల్లో పడ్డది.