గుండు, బద్ద, నూక

కాయితం అంటించినారు.
మూడు రోడ్ల కాడ ఇస్త్రీ బండి ఎనకాల గోడకి,
పాత సినిమా బొమ్మ మూతి మీద:
ఈ యేటి కాశీబుగ్గ కబడ్డీ జట్టు.
పన్నెండు పేర్లు.
నాను రెండుపాలు సదివినాను.
నా సదువు తక్కువ, తప్పు నాదేనేమో అనుకోని
మూడోపాలి మోహిని సేత సదివించినాను.
దాలినాయుడి పేరు నేదు.

ఎడమ మూల దాలినాయుడు.
తొమ్మిదేళ్ళు ఆ మూల ఆడిది.
తుపాను యేడు,
జీడితోటలన్నీ ఏళ్ళు పైకెట్టి పడుకున్న యేడు,
కరెంటు నేక జెనరేటరు ఎలుతుర్లో
మందస మీద ఆకరి కూతకి
ఒక్కడే మిగిలి,
తాటిసెట్టంత మనిసి మడమ పట్టుకున్నాడు.
ఆడు పీకినంత దూరం పీకినాడు.
ఈడి పొట్ట మీద ఇసక గీసిన గీతలు
పది రోజులు మాన్నేదు.
వదల్నేదు, అంతే.

కమిటీ పెసిడెంటు కామేశం గారే
మా జీడి పేక్టరీ ఓనరు.
"మోకాలు పోయిందమ్మా, ముప్పై మూడు నిండినాయి"
అన్నారు, లెక్కల పుస్తకం మూసి.
నాకు నలభై ఆరు.
ఏటీ అన్నేదు.
బెరంపురం నించి కూతగాణ్ణి తెచ్చినారు.
నలభై వేలు, ఒక మోటారు సైకిలు.
పేరు బిచిత్ర. జుత్తుకి రాగిరంగు.
బరిలోకి దిగే ముందు
నేలకి కాదు, సెల్లుకి దండం పెడతాడంట.

ఆటో తవుడు
బండి ఎనకాల "కాశీబుగ్గ పులులు" అని రాయించుకున్నాడా,
బ్లేడు తెచ్చి గీకడం మొదలెట్టినాడు.
పులులు పోనాయి.
కాశీబుగ్గ కాడ సెయ్యి ఆగిపోయింది.
"ఊరేటి సేసిందిలే" అనేసి
బ్లేడు జేబులో ఎట్టుకోని
పలాస టేసనుకి బేరం ఎల్లిపోనాడు.
నానూ ఒట్టేసినాను:
ఈ యేడు మైదానం వైపు తొంగి సూడను.

నా పని గ్రేడింగు.
పన్నెండేళ్ళు పిక్కలు కొట్టి
జీడికి ఏళ్ళు నల్లబడిపోనాక
కుర్సీ ఇచ్చినారు, టూబులైటు ఇచ్చినారు.
గుండు ఇటు, బద్ద అటు,
నూక జల్లెడ కిందకి.
నా సెయ్యి నన్నడగదు.

"బద్దకీ గుండుకీ రుసి ఒకటే గదా,
ఈ సేట్లకి ఎవులు సెప్తారు" అన్నాను.
మోహిని తలెత్తకండా అంది:
"అయితే ఆ బద్ద తీసి గుండు డబ్బాలో ఎయ్యి, సూద్దాం."
ఎయ్యలేదు.
సాయంత్రం తూకం కాడ నా కూలి పోద్ది.

ఇంకొకటుంది.
పోయినేడు సెమీసు, సోంపేట మీద.
ఒక్క పాయింటు.
అందరూ అంపైరుని తిట్టినారు, రాయి కూడా ఇసిరినారు.
నాను తాడుకి ఆనుకోని నిల్సున్నాను,
ఎడమ మూలకి మూడడుగుల దూరం.
మడమ దొరికింది.
దాలినాయుడి ఏళ్ళు ముడుసుకున్నాయి,
మోకాలు ముడుసుకోనేదు.
జారిపోయింది.
ఆడు తల తిప్పి జనంలోకి సూసినాడు,
ఎవులు సూసినారా అని.
నాను సీర కొంగు సర్దుకున్నాను.
ఇంటికాడ కూడా అన్నేదు.

సోమారం గోడౌను కాడ
బస్తాలు దింపుతున్నాడు.
ఎడమ కాలు అరసెకను ఆలీసం.
పలకరిద్దామంటే మాట దొరకలేదు,
"నీ పేరు తీసీడం అన్నేయం" అందామనుకున్నాను,
నోట్లో నూకలాగ అతుక్కుపోయింది.
ఆడే బస్తా దించి
మెడ తువ్వాలుతో ముకం తుడుసుకోని అన్నాడు:
"నా మూలలో కొత్త గుంటడు
పట్టుకి ముందే తూలిపోతన్నాడప్పా,
సూసినావా?"

"సూసినాను" అన్నాను.