జెండా గుట్ట మీద చుక్క

పామూరు దాటాక తారు అయిపోయింది.
బండి ఆపి హెల్మెట్లు తగిలించే లోపే
ముగ్గురు మనుషులు, ఒక కుక్క మా చుట్టూ.
"ఏం పని మీద?" అన్నాడు
పొగాకు బ్యారన్ నీడలోంచి వచ్చినాయన.
"కొండెక్కడానికి."
"నిధి కోసమా?"
కాదన్నాను.
అంత గట్టిగా రాలేదు ఆ కాదు.
జిలానీ ఫోన్లో పచ్చ చుక్క వెలుగుతా ఉంది,
అక్కడో డబ్బా ఉందనే గదా మేం వచ్చింది.

జెండా గుట్ట అంటారు దీన్ని.
ఏ జెండా అంటే ఒకాయన పార్టీ పేరు చెప్పాడు,
ఇంకొకాయన పీర్ల జెండా అన్నాడు.
నాకు తెలుసు, చెప్పలేదు.
సర్వే డిప్లొమాలో, రెండో ఏడాది, ఒక అర పేజీ:
గుట్ట మీద జెండా పాతి
ఇంకో గుట్ట మీంచి దుర్భిణిలో పట్టుకునేవాళ్ళని,
మూడు గుట్టలు కలిస్తే త్రిభుజమని,
త్రిభుజాలు అట్టా పోతా పోతా పటమైందని.
పరీక్షలో అడగలేదు.

బలుసు ముళ్ళు చున్నీ లాగాయి.
బోదగడ్డి లోపల రాయి కదిలింది.
కనిగిరిలో సెల్ రిపేరు షాపు జిలానీది,
కూర్చుని కూర్చుని పెంచిన పొట్ట.
మలుపు మలుపుకీ "ఇంకెంత?" అని నన్నడుగుతాడు
ఫోను తన చేతిలోనే పెట్టుకుని.

పైన రాయి ఉంది.
మోకాలెత్తు. సున్నం పోయి, రెట్టలు పడి,
నడినెత్తిన వలయం, వలయం మధ్యలో చుక్క,
ఆవగింజ పట్టేంత.
వేలు పెట్టి చూశాను. వేడి.
పడమట వెలిగొండలు,
ఉదయగిరి దుర్గం ఉండాల్సిన చోట మబ్బు,
తూర్పున మాలకొండ.

రాయి పక్కనే గొయ్యి, నడుం లోతు.
ఎండిన నిమ్మచెక్కలు, పసుపు, విరిగిన పలుగు పిడి.
దొరల గుర్తు కింద బంగారం ఉంటదని
ఏ అమావాస్యకో ఎవరో నమ్మారు.
ఆ అర పేజీలోనే ఇంకో వాక్యం గుర్తొచ్చింది:
పై రాయికి సరిగ్గా కింద, కొండ మీదే
ఇదే వలయం, ఇదే చుక్క చెక్కి ఉంటాయని,
పైది పోతే కిందది సాక్ష్యం చెప్పడానికి.
వాళ్ళు తవ్వింది రెండు జానలు ఎడంగా.

డబ్బా మాత్రం లేదు.
ఫోను ఇక్కడే అంటుంది.
నాలుగు మీటర్లు అటూ ఇటూ కావచ్చంటుంది.
పది మీటర్లు వెతికాం.
ఒక రాయెత్తి, తేలుకు సారీ చెప్పి, మళ్ళీ కప్పాం.

"డబ్బాకా?"
మేకల వెనక మేక లాగే ఎక్కొచ్చాడు మాలకొండయ్య,
చెవి మీద సగం కాలిన చుట్ట.
"ఆడ లేదు. ఎండకు మూత వంకర్లు పోతా ఉంటే
నేనే కలివి పొద కింద పెట్టినా.
వానలకి ఆ బండ సందులో పెడతా.
కోతి ఎత్తకపోతే సగం కొండ దిగి తెచ్చినా."
ఎన్నాళ్ళ నుంచి?
"పెద్ద మేక మూడీతలు ఈనింది."

టిఫిన్ డబ్బా. చిన్న కారు బొమ్మ, రిబ్బను, నోటుబుక్కు.
ఒంగోలు వాళ్ళిద్దరు: దొరికింది.
ఎవరో ఒక్కరే: దొరికింది, నీళ్ళు తెచ్చుకోండి.
తర్వాత ఒక వేలిముద్ర, చుట్ట మసితో.
దాని కింద ఇంకోటి. తిప్పితే పేజీలు పేజీలు.
"వచ్చినోళ్ళు రాస్తారు గదా.
నేనూ వచ్చినా గదా."

ఒకటి తీసుకుంటే ఒకటి పెట్టాలి, అదీ నియమం.
జిలానీ చెప్పబోయి ఆగాడు.
డబ్బా అడుగున ఇత్తడి మెడగంట,
నాలుకకు గుడ్డ చుట్టి ఉంది.
"మోగితే కోతులొస్తాయి."

రాయి చూపించి అడిగాడు,
"దీని కింద ఏముందమ్మే?"
ఇంకో చుక్క, అన్నాను.
చుట్ట వెలిగించుకునేంత సేపు ఆలోచించాడు.
"అయితే కప్పెయ్యాల" అని
గొయ్యిలోకి కాలితో మట్టి తోశాడు.
మేమూ తోశాం. నిమ్మచెక్కలు ముందు మునిగాయి.

రేపు సోమవారం.
రోవరు భుజానేసుకుని ఇద్దరన్నదమ్ముల గెట్టు మీద
రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ కాకుండా నిలబడాలి నేను.
"చోటు మారిందిగా, సరిచేద్దామా?" అన్నాడు జిలానీ.
వద్దని, ఫోను తీసుకుని
సూచన అన్న గడిలో కొట్టాను:
ఎండ పడని చోట చూడండి.
వానైతే బండ సందులో.
అక్కడా లేకపోతే
మేకలు వచ్చిందాకా కూర్చోండి.