గొడుగులాయన

ఈ వారం చివరి పేజీలో
గొడుగులాయన రొమ్ములో బాణం దిగింది.
బొమ్మలేసే ఆయనకి ఒంట్లో బాగాలేదట,
రెండు వారాలు సెలవన్నారు.
రెండు వారాలూ ఆ మనిషి అలాగే
వాలీ వాలకుండా, గాల్లో, ఒక చెయ్యి చాపి.

చీమకుర్తి పాలిష్ యూనిట్‌లో రాత్రి షిఫ్టు.
టీ తాగతా రసూల్ అంటన్నాడు:
"చంపాల్సిందే భయ్యా.
పంతొమ్మిదేళ్ళ కథ. ఒక్కడూ పోకపోతే
ఇంక కత్తులెందుకు, యుద్ధమెందుకు?
ఈయన పోతేనే హీరోకి రోషమొస్తది."

హీరోకి రోషం రావడానికి
పక్కనోడి రొమ్మే దొరికిందా అన్నాను.
మిషను మోతలో వాడికి వినపళ్ళా.

నాకీ బొమ్మల కథ నేర్పింది వాడే.
ఒంగోల్లో ఐటీఐ చదివేటప్పుడు
కర్నూలు రోడ్డు నెట్ సెంటర్లో, గంటకి పదిహేను రూపాయలు.
కుడి నుంచి ఎడమకి చదవాలంటే నేను తికమక పడితే
మదరసాలో చదివినోడు, నవ్వాడు:
"మాకు చిన్నప్పట్నుంచీ అలవాటే."
అప్పటికే ఉన్నాడు గొడుగులాయన.
మూడో పుస్తకంలో అనుకుంటా, వానలో వచ్చాడు,
విరిగిన గొడుగు కమ్మీని పంటితో వంచతా.
పేరు ఇప్పటికీ నాకు సరిగ్గా పలకదు.
అట్ట మీద ఒక్కసారీ ఆయన బొమ్మ పడలేదు.
మిగతావాళ్ళు కొండెక్కి ప్రతిజ్ఞలు చేస్తుంటే
ఈయన కింద అన్నం దించేవాడు.
నాకు పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు,
రాతిపిండి దగ్గొకటి.
ఆయన మాత్రం ఆ మూలగడిలోనే
మోకాళ్ళ మీద గుడ్డ పరుచుకుని కుడతా.
నిజం చెప్పొద్దూ,
పదేళ్ళు నేనాయన్ని చూడనేలేదు.
బాణం దిగినాక గదా చూసింది.

మా క్వారీలో మాలకొండయ్య అని,
దిమ్మెకి ఇనపతాడు కట్టేవాడు.
దిమ్మె లేచేముందు అరచేత్తో ఓసారి తట్టేవాడు,
ఎద్దుని తట్టినట్టు.
ఒక సోమవారం రాలేదు.
పోయాడా అంటే పోలేదు,
ఊపిరాడక పొదిల్లో కూతురి దగ్గరికి చేరాడంట.
క్రేను ఆగలేదు.
కొత్త కుర్రాడికి ఆయన గ్లౌజులే ఇచ్చారు,
వేళ్ళ దగ్గర ఇంకా ఆయన వంపుతోనే.
ఎవరికీ రోషం రాలేదు.
నాక్కూడా.

ఈ మాటే రసూల్‌తో అంటే
గ్లాసు కింద పెట్టాడు.
"అందుకే చెప్తన్నా.
చస్తే పేజీ మొత్తం ఆయనకే ఇస్తారు భయ్యా.
వానొస్తది, అందరూ టోపీలు తీస్తారు.
బతికితే మళ్ళా ఆ మూలగడే గదా?"
దీనికి నా దగ్గర జవాబు లేదు.
ఒక పేజీ కోసం ఎవరైనా చస్తారా అనుకున్నాను,
చస్తారేమో అని కూడా అనుకున్నాను.

మూడింటప్పుడు కరెంటు పోయింది.
అప్పుడే తడిపిన నల్లపలక మీద
ఫోను ఆనించి పెట్టుకున్నా.
రాతిలో చుక్కలు, చుక్కల నడుమ ఆ వెలుగు.
ఆ అధ్యాయమే మళ్ళా తెరిచి
ఈసారి చివరి పేజీ నుంచి మొదలెట్టి
మన రెండో తరగతి వాచకం చదివినట్టు
ఎడమ నుంచి కుడికి చదివాను.

బాణం రొమ్ములోంచి ఊడి
వింటికి తిరిగి పోయింది.
అరుపు నోట్లోకి పోయింది.
చాపిన చెయ్యి ముడుచుకుంది.
వాన నేలలోంచి లేచి మబ్బులోకి కురిసింది.
గొడుగులాయన వెనక్కి వెనక్కి నడిచి
పొయ్యి ముందు గొంతుక్కూచుని
మూత తీసి, ఒక మెతుకు
రెండేళ్ళ మధ్య నొక్కి చూశాడు.

అక్కడ ఆపేశాను.

కరెంటొచ్చింది. మిషను గర్రుమంది.
"ఏంది భయ్యా, తేల్చావా?
సావాలా, బతకాలా?" అవతల్నుంచి రసూల్.

"ఇంకా పలుకుందిలే"
అన్నాను.