వచ్చిన వరస, పోయిన వరస

కోటి సహసంబంధం అని బోర్డు మీద రాసి
చేతికంటిన సుద్ద దులుపుకున్నారు చెంగల్వరాయులు సారు.
కోటి అంటే కోటి రూపాయలు కాదబ్బా,
ర్యాంకు. వరస.
ఎవరు ముందు, ఎవరు వెనక, అంతే.
ఎవరికీ నవ్వు రాలేదు.
చిత్తూరులో అది తోతాపురి నెల,
క్లాసులో సగం బెంచీలు ఫ్యాక్టరీ గేట్ల కాడ ఉండాయి.

రెండు వరసలు పట్టుకురండి, అన్నారు.
పుస్తకంలోవి వద్దు.

నేను చిన్నాయన ట్రాక్టరు తొట్టి మీద కూచుని పట్టుకొచ్చినాను.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు, మంగళవారం పొద్దు గూకినాక.
కాయల మీద వేపమండలు,
వేపమండల మీద నేను,
ఒళ్లో లాంగ్ నోట్‌బుక్కు.

ఒకటి మునెప్ప. రెండు మా చిన్నాయన.
మూడు కస్తూరమ్మ, బాడుగ ట్రాక్టరు.
నాలుగు జాఫర్ సాయిబు. ఐదు దేశప్ప.
ఆరు కొత్త బండి, ఇంకా నంబరు పడలేదు,
ఎవరిదన్నా అంటే డ్రైవరు నవ్వినాడు.

ఏం రాస్తాండావు మే, అనింది కస్తూరమ్మ.
వరస, అత్తా.
వరస కలిపి పిలిచినావు, బాగుండాది,
ఈ వరసలో నన్నెప్పుడు పిలుస్తారో అది రాయి.

రాసేదానికి మూడు రాత్రులు పట్టింది.
గేటు కిర్రుమన్న ప్రతిసారీ టార్చిలైటు వేసినాను.
ఆరోది మొదట పోయింది.
తర్వాత మునెప్ప. సాయిబు. దేశప్ప.
(దేశప్ప వాచ్‌మన్ జేబులో ఏదో పెట్టినాడు.
దానికి గడి లేదు, రాయలేదు.)
అయిదోది చిన్నాయన. ఆఖరు కస్తూరమ్మ.

తేడాలు తీసినాను.
మునెప్పకు మైనస్ ఒకటి,
చిన్నాయనకు, కస్తూరమ్మకు చెరొక మైనస్ మూడు,
సాయిబుకు ఒకటి, దేశప్పకు ఒకటి,
కొత్త బండికి ఐదు.
అన్నీ కూడితే సున్నా.

ఎప్పుడూ సున్నానే రావాల, అన్నారు సారు,
లెక్క తప్పు పోలేదనే దానికి గుర్తు.
గేటు కాడ సూపర్‌వైజరుదీ అదే మాట:
ఒకరు ముందు పోతే ఒకరు వెనకబడతారు,
మొత్తం మీద ఎవరికమ్మా నష్టం?

అందుకే వర్గం చేస్తాం, అన్నారు సారు.
వర్గం చేస్తే మైనస్ పోతుంది.
వెనకబడినోళ్ల మూడు తొమ్మిదై నిలబడుతుంది,
ముందు పోయినోడి ఐదు వచ్చి దాన్ని మింగలేదు.
ఆ ఒక్క మెట్టు కోసం నాకు ఈ సబ్జెక్టు నచ్చింది.

ఒకటి, తొమ్మిది, తొమ్మిది, ఒకటి, ఒకటి, ఇరవై ఐదు.
నలభై ఆరు.
ఆరుతో హెచ్చించి, రెండు వందల పదితో భాగించి,
ఒకటిలోంచి తీసేస్తే
మైనస్ సున్నా పాయింటు మూడు ఒకటి.
వచ్చినట్టే పోయుంటే ఒకటి వచ్చుండేది.

తొందరపడొద్దు మే, అన్నారు సారు.
ఆరే బండ్లు. చీట్లేసి పంపినా ఇంత రావచ్చు.
నిజమే సార్.
నాకు చీట్లు కనపడలేదు,
టార్చి వెలుతుర్లో చెయ్యి కనపడింది.

ఇంకోటి కూడా సూత్రంలో పట్టలేదు.
వరసకు గంటలు తెలియవు.
చిన్నాయన ఐదు, కస్తూరమ్మ ఆరు,
మధ్య దూరం ఒకటి.
ఆ ఒకటిలో గురువారం రాత్రి వాన పడింది.
తొట్టి అడుగున కాయలు మెత్తబడి
టైరు మీదుగా పసుప్పచ్చగా కారింది.
బాడుగ బండాయనకు మూడుసార్లు ఫోను చేసి
ఇదో అయిపోయె, ఇదో గేటులో ఉండా, అనింది ఆమె,
గేటు మూసే ఉండాది.

ఐదుకు నాలుగున్నర వేసినారు.
అర మార్కు తీసింది ఆరో బండికి
పేరు గడి ఖాళీగా ఉన్నందుకు.
పేజీ మూలన అంటిన మామిడి సొన గురించి
ఏమీ అనలేదు.
వేలితో ఒకసారి రుద్ది చూసినారు,
పోలేదు.