మందు

ఉమ్ అల్ ఖువైన్ కోటలో, మూడో గదిలో
నా బొటనవేలంత గాజుబుడ్డి.
రోజూ పొద్దున్నే దాని అద్దాలపెట్టె తుడుస్తాను,
పైపైన. లోపలికి చెయ్యి పెట్టే హక్కు నాకు లేదు.

ఇసుక తవ్వితే దొరికిందట, ఓ ఆడమనిషి ఎముకల పక్కన.
రోము నించి ఓడెక్కి వచ్చిందట.
బడిపిల్లలకి షమ్సా చెబుతుంటే
మాప్‌కర్ర మీద గడ్డం ఆనించి విన్నాను.
ఎనిమిదేళ్ల వంటింటి అరబ్బీ నాది, సగం అందింది:
అక్కడ మందుకీ విషానికీ ఒకటే మాటంట.
వేళ్లూ ఆకులూ తెలిసినదాన్ని
నొప్పులప్పుడు పల్లకీ పంపి పిలిచేవారంట.
ఇంట్లో ఎవరైనా పోతే మాత్రం
"మంచి మందా, చెడ్డ మందా" అని విచారణంట.

నవ్వొచ్చింది.
మా కాట్రేనికోనలో మాత్రం రెండు మాటలున్నాయా?
మందు వేసిందంటే బతికించినట్టు,
మందు పెట్టిందంటే చంపినట్టు.
మా అమ్మమ్మ మరిడమ్మ మంత్రసాని,
ఒక్క మంత్రమూ రాదు ఆవిడకి.
వేడినీళ్లు, ఆముదం, ఓపిక.
మూడూళ్ల పిల్లలకి బొడ్డు కోసిన చెయ్యి.
ఓ యేడు దూడలు వరసగా చస్తే
అదే చేతికి చిల్లంగి అంటగట్టారు.

రస్ అల్ ఖైమాలో నేను చేసిన ఇంట్లో
హమద్‌కి నలభై రోజులు. కడుపుబ్బి రాత్రంతా ఏడుపు.
సాన మీద వస అరగదీసి నాలిక్కి రాశాను,
ముంజేతికి నల్లదారం కట్టాను.
రెండు నెలలకి నా పెట్టె విప్పారు:
వసకొమ్ము, దారపుండ,
దువ్వెనకొచ్చిన వాడి జుట్టు. తొక్కుళ్లలో పడకూడదని దాచాను.
"సాహిరా" అని అరిచింది మామా.
చిల్లంగిది అన్నమాట.

ముసలావిడ, మామా అత్తగారు,
కొమ్ము అందుకుని వాసన చూసి
"వజ్" అంది నెమ్మదిగా.
వస. వజ్.
నడుమ ఉన్నది ఒక్క సముద్రమే.
ఆవిడా ఒకప్పుడు కాల్చిన చువ్వతో
గుడారాల పిల్లల జబ్బులు దింపిందే.
పోలీసులొచ్చాక మాత్రం
తస్బీ తిప్పుకుంటూ గోడకేసి చూసింది.

కోపం లేదు నాకు.
పక్కూళ్లో ఓ మందులామె పళ్లు
రాళ్లతో రాలగొట్టిన రోజు
మా అమ్మమ్మా తలుపు గడియ పెట్టుకుంది.

స్టేషన్లో పదకొండు రోజులు.
ఎవరు నేర్పారు, ఎంత పుచ్చుకున్నావు,
ఇంకెవరి మీద చేశావు...
అన్నీ అడిగారు గానీ
పిల్లాడు పడుకున్నాడా అని
ఒక్కరూ అడగలేదు.

పడుకున్నాడు.
నా భుజం చొంగతో తడిపేసి మరీ.