పధ్నాలుగో పద్దు

మంగళవారం, రాత్రి ఏడు.
నెస్కిన్ బే పురపాలక భవనం. బయట వాన, లోపల హీటరు గొణుగుడు.
మినిట్స్ రాయడం నా పని, ఇరవై రెండేళ్లుగా.
ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఎన్ని చేతులు లేచాయి.
గొంతు వణికితే దానికి గడి లేదు నా కాగితంలో.

పద్దు పధ్నాలుగు: సోదరి నగరం. ఏడాదికి పన్నెండు వందల డాలర్లు.
సముద్రానికి అవతల జపాన్ ఒడ్డున కొమెజిమా, ఇవతల మేము.
ఇద్దరిలో అక్క ఎవరో, చెల్లెలెవరో
అరవై ఏళ్ల నాటి ఒప్పందంలో రాసుకోలేదు.

ఓస్ట్రాండర్ కుర్రవాడు, మంచివాడే, అన్నాడు:
"మూడో వీధి నిండా గుంటలు. మైత్రి సంగతి
రాజధానులు చూసుకుంటాయి. ఓడలూ వాళ్లవే, సంతకాలూ వాళ్లవే.
మనకెందుకు ఆ అద్దాల బీరువాలో బొమ్మలు, విసనకర్రలు,
రెండేళ్లకోసారి విందు?"
తప్పేమీ అనలేదు. మూడో వీధిలో నా కారు టైరూ పోయింది.

అప్పుడు లేచింది ఐలా కోస్కెలా.
ఎనభై ఒకటో ఏడు. చేపల డబ్బాల ఫ్యాక్టరీలో లెక్కలు రాసిన చేయి.
మైకు ముందు మనిషికి మూడు నిమిషాలు.
మొదటి నిమిషం సంచీలో వెతుక్కోవడానికే సరిపోయింది.

తీసింది ఒక చెక్క పలక. దానిమీద నల్ల సిరాతో, సగం చెరిగి,
మాలో ఎవరికీ చదవడం రాని నాలుగు అక్షరాలు.
తీసింది ఒక ఆల్చిప్ప. అరచేయంత. బయట గరుకు, లోపల పాలమీగడ.

"మా నాన్న షెడ్డులో మేకుల డబ్బాలు పెట్టుకున్న అర ఇది.
అంతకుముందు పెట్టె మూత. కొమెజిమా నుంచి ఆల్చిప్పల విత్తనం
ఇలాంటి పెట్టెల్లో వచ్చేది, ఓడ డెక్కు మీద
చాపలు కప్పుకుని, దారిపొడుగునా ఉప్పునీళ్లు చల్లించుకుంటూ,
పురిటిబిడ్డలా.
మన అఖాతంలో మీరు నిమ్మకాయ పిండుకుని తినే ప్రతిదీ
అలా దిగినదాని మునిమనవరాలే.
మీ తాత ఇల్లు కట్టింది ఏ డబ్బుతో అనుకున్నావ్, ఓస్ట్రాండర్?"

నవ్వారు కొందరు. ఆమె నవ్వలేదు.

"మధ్యలో కొన్నేళ్లు పెట్టెలు రాలేదు.
ఆ విత్తనాన్ని పెంచడం మనకు నేర్పిన ఇమాదా కుటుంబాన్ని
ఇదిగో, ఈ భవనం మెట్ల ముందే బస్సెక్కించారు.
మనిషికి రెండు సంచులు. నేనప్పటికి పుట్టలేదు.
మా నాన్న ఆ కిటికీ పక్కన నిలబడి చూశాడట.
ఏమీ అనలేదట.
ఆ 'ఏమీ' నాతో చెప్పడానికి ఆయనకు నలభై ఏళ్లు పట్టింది.

యుద్ధం ముగిశాక వచ్చిన మొదటి పెట్టెది ఈ మూత.
మీరు చేసింది మరిచిపోలేదు అని రాసుంటుందని భయం ఆయనకు.
ఎవరినీ చదవమని అడగలేదు. దానిమీద మేకులు పెట్టాడు.

కుసునోకి షిగెయో మా ఇంట్లో దిగిన రాత్రి
షెడ్డులో టార్చి వేసి చదివింది."

గంట మోగింది. మూడు నిమిషాలు.
ఛైర్‌పర్సన్ చాలు అనలేదు.

"'జాగ్రత్తగా పట్టుకోండి.' అంతే ఉంది," అంది ఐలా.
"ప్రతి పెట్టె మీదా అదే ఉంటుందని నవ్వింది షిగెయో.
నాకూ నవ్వొచ్చింది. అప్పటికి నాన్న లేడు."

ఓస్ట్రాండర్ సవరణ: ఆరు వందల డాలర్లు,
విందుకి ఎవరి వంట వాళ్లే తెచ్చుకోవాలి.
అనుకూలం నాలుగు, వ్యతిరేకం ఒకటి.
నేను రాసింది: శ్రీమతి కోస్కెలా మాట్లాడారు.
నాలుగు నిమిషాల పది సెకన్లు.

ఆల్చిప్ప నా బల్లమీదే మరిచిపోయింది.
వేలు తగిలించి నాలుకకు రాసుకున్నా, ఎవరూ చూడకుండా.
ఉప్పు ఎవరిదో ఎలా చెప్పడం?

బయట మెట్లు తడిగా ఉన్నాయి.
పలకను కోటు లోపల పెట్టుకుని ఆమె ఒక్కొక్కటే దిగుతోంది.
ఒక మోచేయి నేను పట్టుకున్నాను.
రెండో పక్కకు ఓస్ట్రాండర్ వచ్చాడు.
అప్పటికే మినిట్స్ మూసేశాను.