బువ్వ తిన్నవా?

ఆషాఢం, శనివారం రాత్రి. తెల్లారితే లాల్ దర్వాజ బోనాలు.
అలియాబాదుల ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మన్నది.
లిఫ్టు రెండో అంతస్తు కాడ ఆగింది.
ఏడుగురం పిల్లలం మెట్ల మీద కూసున్నం.
నర్సవ్వ చీకట్లనే యాపరెమ్మలు దూస్తున్నది,
ఆమె వేళ్ళకు కండ్లున్నయి.

"కత చెప్పవ్వా."
"భయపడ్తరు."
"పడం."
"అట్లైతే చెప్ప. భయపడేటోళ్ళకే చెప్త."

కొంచెం భయపడ్తమని ఒప్పుకున్నం.

శానా ఏండ్ల కింద, పట్నంల గత్తరొచ్చిన యాడు.
పొద్దుగాల నీళ్ళు తోడినోడు పొద్దుగూకెటాల్లకు లేడు.
గల్లీల కుక్కలు సుత మొరుగుడు మర్చినయి.
అప్పుడు మొదలైంది ఆ సప్పుడు.
టక్. టక్. టక్.
తడి చెయ్యితోని తలుపు కొట్టినట్టు.
ఎనకనే గొంతు. అచ్చం మీ అమ్మ గొంతే,
కాని బాయిలకెల్లి వచ్చినట్టు:
"ఇంట్ల ఎందరున్నరు?"

ఐదుగురం అన్నరు మూల మీది బెస్తోళ్ళు. తెల్లారి నలుగురు.
ముగ్గురం అన్నడు గాజుల సాయిలు. తెల్లారి గాజులే.
ఇగ ఎవ్వరు పలుకుడు బందు పెట్టిండ్రు,
దీపాలార్పి, పసిపోరల నోళ్ళు మూసిండ్రు.
పలకకున్నా అడుగుడు ఆగలె.
పొద్దున చూస్తే గల్మల ముందట తడి అడుగులు,
వచ్చినయే గని పోయినయి లేవు.

కుమ్మరోళ్ళ మొగులమ్మకు తొమ్మిదేండ్లు.
అయ్య పోయిండు, అవ్వ పోయింది,
తమ్ముడు చాప మీద ఎండుటాకోలె పడున్నడు.
టక్. టక్. టక్.
"ఇంట్ల ఎందరున్నరు?"
ఏడ్చి ఏడ్చి ఉన్నది కద, పోరికి కోపమొచ్చింది.
"నువ్వెందరు?" అనడిగింది.

తలుపవతల ఊపిరాగింది.
అంత పట్నంల అది అడుగుడే గని
దాన్ని అడిగినోళ్ళు లేరు.
"ఒక్కదాన్నే."
"బువ్వ తిన్నవా?"
శానా సేపటికి, "లేదు."

పొయ్యి ముట్టించింది మొగులమ్మ.
అయ్య చేసిన ఆఖరి కుండ.
అండ్ల బియ్యం, పాలు, ఇంత బెల్లం గడ్డ.
చీకట్ల ఎట్ల తింటదని మూత మీద దీపం.
ఈగలు వాలకుంట సుట్టూ యాపమండలు.
చేతులు వణుకుతున్నయని నెత్తినెత్తుకున్నది,
తలుపు తీసింది.
ఎవ్వరు లేరు. తడి ఒక్కటే.

మూసీ దాక నడిచింది. ఎనక అడుగులు.
ఎనక్కి సూడలె, సూస్తే దీపం పడ్తది.
తలుపు సందులకెల్లి సూసినోళ్ళు
పిల్ల ఒక్కతే పోతున్నదని డప్పు కొట్టిండ్రు,
డప్పు లేనోళ్ళు తాంబాళం కొట్టిండ్రు.

తెల్లారి కుండ నాకినట్టున్నది,
దీపం ఇంక వెలుగుతనే ఉన్నది.
తమ్ముడు లేచి నీళ్ళడిగిండు.

"గదే మొదటి బోనమా?" అనడిగింది ఇర్ఫానా.
"మా అవ్వ అట్ల చెప్పింది. ఆమె సూసిందా ఏంది."
"వచ్చింది గత్తరనా, అమ్మవారా?"
నర్సవ్వ ఆకు దూసుడు ఆపింది.
"రాత్రి పూట తల్లి పిల్లల్ని లెక్కపెట్టదా?
తక్కువైతే మళ్ళ మళ్ళ అడగదా?
తీస్కపోయిందెవరో, ఎతుక్కుంట వచ్చిందెవరో...
చీకట్ల గొంతులన్ని ఒక్కతీరే ఉంటయి బిడ్డా."

గంపెత్తుకొని పైకి పోయింది.
కరెంటు ఇంక రాలె.
ఊకనే లెక్కపెట్టిన, తలలు తడిమి తడిమి.
ఏడుగురం కద.
ఎనిమిది.
ఎనిమిదో తల వెంట్రుకలు తడిగున్నయి.

ఎవ్వరికి చెప్పలె. గొంతెండింది.
జర దగ్గరికి జరిగి, మెల్లగ అడిగిన:
"బువ్వ తిన్నవా?"